ముందు కాఫీ కానియ్

జూన్ 14, 1982, సోమవారం

తిరువళ్ళూరులో బస్సు కోసం నిలబడి నిలబడి, ఏమీ తోచక ఈ నోటుబుక్కు కొన్నాను. తెలుగులోనే రాస్తాను. ఈ ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదివేవాళ్ళు మాత్రం లేరు. నా భార్య సుందరవల్లి తిరుత్తణి బళ్ళో అరవంలో చదువుకుంది. మామ పెట్టే సంతకం కూడా అరవమే. ఆరణి పక్కన మా ఊళ్ళో ఒక తెలుగు పంతులు ఉండబట్టి నాకు ఈ నాలుగు అక్షరాలు వచ్చాయి. కనుక దీనికి తాళం అక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు.

ఉన్నది ఏమిటంటే, నేను ఇక్కడ ఇరుక్కుపోయాను.

ఇల్లరికం అన్నరోజే అమ్మతో వద్దమ్మా అన్నాను. "మా అన్న ఇల్లు నీకు పరాయిదారా మునికృష్ణా?" అంది. పరాయిది కాదు, అదే చిక్కు. పరాయిదయితే ఏదో ఒకరోజు గొడవపెట్టుకుని బయటపడేవాణ్ణి. తిరుమలయ్య మామ నన్ను పల్లెత్తు మాట అనడు. నా కంచంలో నెయ్యి తక్కువైతే కూతుర్ని కేకలేస్తాడు. మామిడితోట తాళంచెవులు నా మొలకే కట్టాడు. ఐటీఐలో ఫిట్టరు పాసైన నేను ఆ తోటలో పంపుసెట్టుకు వాషర్లు మార్చుకుంటూ కూర్చున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు.

జూన్ 16

అసలు ముడి కాఫీ దగ్గర పడింది.

వజ్రమ్మత్త ఉన్నన్నాళ్ళూ ఆ ఇత్తడి ఫిల్టరును ఇంకొకరు తాకింది లేదు. కూతుర్ని కూడా తాకనిచ్చేది కాదు. పోయిన సంవత్సరం అత్త పోయింది. దినాలు అయ్యాక సుందరవల్లి కాఫీ కలిపి ఇస్తే మామ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు నేను ఫిల్టరు విప్పి చూశాను. పైగిన్నెలో పొడి ఒక పక్క గుట్టగా, ఒక పక్క పల్చగా ఉంది. పొడి మీద నొక్కే చిల్లుల బిళ్ళ, ఆ కాడ ఉన్న గొడుగులాంటిది, ఒక వైపుకు ఒరిగిపోయి ఉంది. నీళ్ళకు ఎటు దారి దొరికితే అటే పోతాయి. గట్టుకు గండిపడ్డట్టు పల్చగా ఉన్న పక్కనే బొటబొటా దిగిపోయాయి. మిగతా పొడి ఊరికే తడిసింది. డికాషన్ తోటలో కాలవనీళ్ళలా ఉంది.

ఫిట్టరుకు ఇది ఒకరు చెప్పాలా? ఉండలన్నీ చిదిపాను, గిన్నె చుట్టూ వేలితో తట్టి పొడిని సమంగా పరిచాను, బిళ్ళను ఒరగనీకుండా నిట్టనిలువునా దించాను. చుక్కచుక్కగా దిగింది. మామ ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. "వజ్రం చెయ్యిరా ఇది" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా కాలికి పలుపు పడింది ఆరోజే. పొద్దున, సాయంత్రం నేనే పెట్టాలి. ఎవరి పెళ్ళికైనా ఆరణి పోతే సాయంత్రానికి తిరిగి రావాలి. ఇంటికొచ్చినవాళ్ళు నన్ను చూసి మీసాల్లో నవ్వుకుంటారు. "మీ అల్లుడు కాఫీ మాస్టరంట గదా" అని మొన్న బాలసుబ్రమణ్యం మొదలియారు అడిగాడు. మామ గర్వంగా అవునన్నాడు.

జూన్ 20

ధర్మలింగం వచ్చాడు. ఐటీఐలో నా పక్క బెంచీవాడు, ఇప్పుడు మద్రాసు అవతల గుమ్మిడిపూండి ఎస్టేటులో ఒక ఫ్యాక్టరీలో ఉన్నాడు. "రేయ్, మా సెక్షన్లో ఫిట్టరు చోటుండాది. సూపర్‌వైజరుకు నీ పేరు చెప్పినా. ఆగస్టు పదహారుకి వచ్చి చేరిపో. అది దాటితే ఇంకొకన్ని పెట్టేస్తారు" అన్నాడు. స్టేషనుకు దగ్గర్లో ఒక పోర్షను కూడా చూసి పెట్టాడట.

వాడి చొక్కా జేబు దగ్గర గ్రీజు మరక ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. అసూయ పుట్టింది.

సుందరవల్లికి చెప్పాను. "నాయన్ని అడుగు బావా" అంది. అంతే. ముఖంలో ఏమీ కనిపించలేదు. పుట్టిన ఇల్లు వదలాలంటే ఏ ఆడపిల్లకైనా కష్టమే మరి.

జూన్ 22

అడిగాను. "మామా, ధర్మలింగం వచ్చినాడు గదా, ఏం చెప్పినాడంటే..." అన్నాను. "ముందు కాఫీ కానియ్ అల్లుడా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. కాఫీ అయింది. చెప్పులేసుకుని తోటకు పోయాడు. నేనేం చేసేది?

జూన్ 26

అడిగాను. ముందు కాఫీ.

జూన్ 29

ఇవాళ గట్టిగా అడుగుదామని మామ మంచం పక్కనే కూర్చున్నాను. "మామా" అన్నాను. ఆయన తల తిప్పి చూశాడు, మీసం తడుముకున్నాడు, ఫిల్టరు వైపు చూశాడు. నేనే లేచి వంటింట్లోకి పోయాను. వచ్చేసరికి మామ ఎవరితోనో మామిడికాయల బేరంలో ఉన్నాడు.

సుందరవల్లి "అడిగినావా?" అంది. అడిగానన్నాను. "ఏమన్నాడు?" అంది. ముందు కాఫీ అన్నాడని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆయన చూపులో అదే ఉంది.

జూలై 3

రాత్రి నిద్ర పట్టలేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అట్లా ఉంది నా బతుకు. ఆయనేమో వజ్రం చెయ్యి అంటాడు. చచ్చిపోయిన అత్త చేతిని నేను నా మణికట్టుకు తగిలించుకుని తిరుగుతున్నాను. నేను పోతే ఆయనకు ఆమె మళ్ళీ పోయినట్టే గదా. మనిషన్నవాడు ఎట్లా పోతాడు?

జూలై 6

తోచింది! ఇన్నాళ్ళు ఎందుకు తోచలేదో. నేను ఫిట్టర్ని. చెయ్యి చేసే పనిని పనిముట్టు చేత చేయించడమే కదా నా చదువు. ఎవరు పట్టుకున్నా పొడి సమంగా పరుచుకునేట్టు ఒక పనిముట్టు చేసి సుందరవల్లికి ఇస్తే సరి. ఆమె ఇక్కడే ఉంటే ఆమె కలుపుతుంది. నాతో వస్తే ఎవరినైనా వంటకు పెట్టి వాళ్ళకు ఇస్తాం. అప్పుడు మామను అడగడానికి నాకు నోరొస్తుంది.

జూలై 9

ఎల్లప్ప సైకిల్ షాపులో తుప్పు పట్టని పాత స్పోకులు ఏరుకున్నాను. ఎల్లప్ప "యాడికి అల్లుడూ, కొత్త సైకిల్ కొంటా ఉండావా?" అన్నాడు. కాఫీకి అన్నాను. వాడు నా నుదురు తాకి చూశాడు, జ్వరమేమోనని.

జూలై 11

అయింది. అంగట్లో కొన్న చెక్కబొంగరం పిడి. దాని మేకు పీకి, అడుగున బెజ్జాలు వేసి, సన్నని స్పోకు ముక్కలు దిగ్గొట్టాను. కొసలు ఆకురాయితో నున్నగా అరగదీశాను. పొడిలో దించి గుండ్రంగా తిప్పితే ఉండలన్నీ విడిపోతాయి, గుట్టలు పల్లాల్లోకి జారతాయి. గొడుగుబిళ్ళకు కూడా అంచు చుట్టూ ఇత్తడి పట్టీ అతికించాను. ఇక అది ఒరగదు, గిన్నె గోడలే దాన్ని నిలబెడతాయి.

సుందరవల్లి దాన్ని తిప్పి తిప్పి చూసి పడిపడి నవ్వింది. "ముళ్ళపంది పిల్లలాగా ఉండాది" అంది. అత్త పోయాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. అప్పటినుంచి దాని పేరు ముళ్ళపంది.

జూలై 12

పొద్దున సుందరవల్లే పెట్టింది. నేను దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. ముళ్ళపందిని తిప్పింది, బిళ్ళ దించింది, నీళ్ళు పోసింది. చుక్కచుక్కగా దిగింది. గ్లాసు మాత్రం నేను తీసుకుపోయి ఇచ్చాను, అలవాటు ప్రకారం.

మామ తాగి, "వజ్రం చెయ్యి" అన్నాడు.

సంతోషంగానే ఉంది.

జూలై 13

ఇవాళ కూడా ఆమే. ఇవాళ కూడా వజ్రం చెయ్యే అన్నాడు.

నిన్న సంతోషంగానే ఉంది అని రాశాను. "గానే" ఎందుకు రాశానో.

జూలై 17

ఇంట్లో నాకు పొద్దున ఏం పనీ లేదు. వంటింట్లోకి పోతే "నువ్వు కూర్చో బావా" అంటుంది. బయట కూర్చుంటే మామ "ఏం అల్లుడా, కాఫీ పెట్టి వస్తివా?" అంటాడు. అవునంటాను. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడు ఇట్లాగే కింద పడి ఆకాశం చూస్తూ ఉంటాడేమో.

ఇంకా అడగలేదు. అరవల ఆడిమాసం మొదలైంది. ఆడిలో ఎవరూ ఇల్లు కదలరు, మంచి మాటలు ఎత్తరు. పెద్దవాళ్ళు అనుకునేదే, నేను కొత్తగా చెప్పేది కాదు.

జూలై 21

ముళ్ళపందికి రెండు స్పోకులు వంగిపోయాయి. ఎట్లా వంగాయో. స్పోకులు పాతవి కదా.

కాఫీ పల్చగా దిగింది. మామ గ్లాసు పక్కన పెట్టి, "ఇది అల్లుడు పెట్టింది గాదు" అన్నాడు. సుందరవల్లి తలుపు పక్కన నిలబడి ఉంది. నేను లేచి మళ్ళీ పెట్టాను, చేత్తో. మామ తాగి నా భుజం తట్టాడు.

పనిముట్టు పనిముట్టే, చెయ్యి చెయ్యే. నేను వెళ్ళడం కుదిరే పని కాదని దీంతో తేలిపోయింది. బాధగా ఉంది కానీ ఏం చేస్తాం. ఇవాళ అన్నం బాగా తిన్నాను.

జూలై 22

నేనే పెట్టాను.

జూలై 23

నేనే పెట్టాను. ధర్మలింగం జాబు రాశాడు. జవాబు రాయాలి.

జూలై 28

రాయాలి.

ఆగస్టు 1

ఇది రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. రాయకపోతే ఈ నోటుబుక్కు దేనికి?

మామ తోటకు పోయాక సుందరవల్లి ముళ్ళపందిని తెచ్చి నా ముందు పెట్టింది. స్పోకులు నిటారుగా ఉన్నాయి.

"ఎల్లప్ప అంగడికి పోయి నేనే సరిచేయించినా" అంది. "ఆయనేమన్నాడో తెలుసునా? స్పోకు తనంతట తాను వంగదమ్మా, ఎవురో కటింగ్ ప్లేయరుతో పట్టినారు, ఇదో గాటు, అన్నాడు."

ఈ ఇంట్లో కటింగ్ ప్లేయరు ఉన్నది నా పెట్టెలోనే.

గాటు ఉన్నచోట బొటనవేలితో తడిమి చూశాను. ఉంది. ఆ స్పోకులు వంగిన సాయంత్రం నేను ఏం చేస్తున్నానో నాకు తెలుసు. తెలియనట్టు చేశాను, తెలియనట్టే ఇక్కడ రాశాను.

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, ఆ బొంగరం మీద యేల పెడతావు బావా?" అంది. గొంతు పెంచలేదు. "నువ్వు రోజూ అడిగినా అడిగినా అంటావే. నేను వంటింట్లోనే గదా ఉండేది. నాకు వినబడదా? మామా అంటావు, ఆగిపోతావు. ఆయన కాఫీ అంటే నీకు ప్రాణం లేచి వస్తాది. పరిగెత్తతావు."

"నీ కోసమే సుందరా" అన్నాను. "నువ్వు ఈ ఇల్లు వదల్లేవని..."

"నన్ను అడిగితివా?"

అడగలేదు.

అప్పుడు చెప్పింది. చెప్తుంటే ఆమె వేళ్ళు ఆ బొంగరం పిడిని తిప్పుతూనే ఉన్నాయి. "నాతో చదివిన ఆడపిల్లలంతా ఏడ్చుకుంటానో నవ్వుకుంటానో ఒక గడప దాటిపోయినారు. నేనే, ఏ గదిలో పుట్టినానో ఆ గదిలోనే పెండ్లికూతురైతిని. తిరుత్తణి కొండ ఎక్కి చూస్తే రైలు పోతా ఉంటాది. అది యాడికి పోతాదో నాకు తెలవదు. నువ్వు వచ్చినప్పుడు అనుకుంటిని, ఈయన ఫిట్టరు, ఎప్పుడైనా ఉద్యోగానికి పోతాడు, నన్నూ తీసకపోతాడు అని. మూడేండ్లుగా చూస్తా ఉండా. నువ్వు నా కన్నా గట్టిగా ఇరుక్కుంటివి."

నాకు సిగ్గేసింది. ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఇరుక్కున్నది నేనొక్కణ్ణే అనుకుని ఇన్ని పేజీలు నింపాను. ఆ పేజీల్లో ఆమె ఎక్కడా లేదు.

ఆగస్టు 2

ధర్మలింగానికి జవాబు రాశాను. వస్తానని.

మామను అడగాలి.

ఆగస్టు 6

రేపు.

ఆగస్టు 8

పొద్దున మామ అరుగు మీద కూర్చున్నాడు. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు మోసేవాళ్ళు అప్పుడే రోడ్డు మీద పోతున్నారు, హరోంహర అనుకుంటూ. సుందరవల్లి లోపలినుంచి నా వైపు చూసింది. నేను పోయి కూర్చున్నాను.

"మామా" అన్నాను.

ఆయన తల తిప్పాడు. "ముందు కా..." అని ఇంకా మాట పూర్తి కాలేదు, సుందరవల్లి గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది. "కాఫీ ముందే వచ్చేసినాది నాయనా. తాగతా ఉండు. ఆయన మాట్లాడతాడు" అంది.

మామ గ్లాసు చూశాడు, నన్ను చూశాడు. తప్పించుకోవడానికి ఇద్దరికీ దారి లేదు. మళ్ళీ మామా అన్నాను. అక్కడే ఆగిపోయాను. దేవుడు సాక్షి, ఆగిపోయాను.

ఆయన ఒక గుక్క తాగాడు. "వజ్రం చెయ్యి" అన్నాడు, ఎప్పటిలాగే.

"అది అమ్మ చెయ్యి కాదు నాయనా, ఆయన చెయ్యీ కాదు. నాది" అంది సుందరవల్లి. "ఇదో, ఈ బొంగరంతో నేనే పెట్టినా. పోయిన నెలలో గూడా శానా దినాలు నేనే. నువ్వు వజ్రం చెయ్యి అంటా ఉంటే తలుపు చాటున నిలబడి విని నేనే సంతోషపడతా ఉంటిని."

మామ గ్లాసును ఒళ్ళోకి దించుకుని కూతుర్నే చూశాడు. ఆ పిల్లను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అట్లయితే వీడు ఈడ ఏం చేస్తా ఉండాడు?" అన్నాడు.

కోపంతో అన్నది కాదు. నిజంగానే అడిగాడు.

"గుమ్మిడిపూండిలో ఉద్యోగం వచ్చినాది మామా. పదహారున చేరాల. సుందరను తీసకపోతాను" అన్నాను. ఇన్ని వారాలు మోసిన మాట ఇంతే. చెప్తే ఇంతసేపే పట్టింది.

"నాతో ఎప్పుడూ చెప్పలేదే నువ్వు?"

"నేను అడగనే లేదు మామా" అన్నాను. ఆ ఒక్కటీ నిజం చెప్పాను.

"ఉండమని నేనెప్పుడన్నా అంటినా? కాఫీ పెట్టమంటిని గాని, కట్టి పడేయలేదే నిన్ను." గ్లాసు ఖాళీ చేసి అక్కడే బోర్లించి, చెప్పులు కూడా వేసుకోకుండా తోటకు నడిచిపోయాడు.

ఆగస్టు 9

మామ మాట్లాడటం లేదు. కాఫీ తాగుతున్నాడు. బాగుందనడు, బాగలేదనడు.

ఆగస్టు 11

సాయంత్రం మామ వంటింట్లోకి వచ్చాడు. ఆయన వంటింటి గడప లోపలికి రావడం నేను చూడటం ఇదే మొదలు. తలుపు కమ్మికి తల తగిలింది.

"ఏదీ, ఆ ముళ్ళపందిని ఇట్లా తే" అన్నాడు.

సుందరవల్లి పీట వేసింది. ఆయన కూర్చుని పొడి వేశాడు, సగం కింద పోశాడు. బొంగరం పిడి ఆయన గుప్పెట్లో కనిపించడం లేదు. నాగలి పట్టినట్టు పట్టుకున్నాడు. "మెల్లిగా నాయనా, అడుగు దాకా దించి తిప్పు" అని ఆమె చెబుతుంటే చిన్నపిల్లవాడిలా తలూపాడు. నేను నోరు మూసుకుని పక్కన నిలబడ్డాను. ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుని నేనే చేసేయాలని నా చేతులు పీకుతున్నాయి.

"మీ అమ్మ ఇదంతా దేంతో చేస్తా ఉండేది?" అని అడిగాడు. మా ఇద్దరికీ తెలియదు. ఆమె ఎప్పుడూ ఎవరికీ చూపించలేదు. ఆయనా ఎప్పుడూ వచ్చి చూడలేదట.

ఆగస్టు 14

ముళ్ళపందిని ఇక్కడే వదిలేస్తున్నాం. ఫిల్టరు పక్కన మేకుకు తగిలించాను. సుందరవల్లి పెట్టె సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. ఏడుస్తోందేమోనని చూశాను. కూనిరాగం తీస్తోంది.

ఆగస్టు 15

ఇది మద్రాసు లోకలు రైల్లో రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి.

పొద్దున మేం లేచేసరికి వంటింట్లో గిన్నెల చప్పుడు. మామ రెండు గ్లాసులు తెచ్చాడు. ఒకటి కూతురికి, ఒకటి నాకు. "ముందు కాఫీ కానియ్ అల్లుడా. తర్వాత బండెక్కుదువు" అన్నాడు. నా ఎదురుగా కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని.

ఒక గుక్క తాగాను. పల్చన. ఒక పక్కనే దిగింది. పొడి ఉండలు విడిపోలేదు, అడుగు దాకా తిప్పలేదు. నాలుక మీద పడగానే ఇదంతా తెలిసిపోయింది నాకు.

"ఎట్లుండాది?" అన్నాడు.

మాట నోటి చివరిదాకా వచ్చింది. ఒక పక్కే దిగినాది మామా, నువ్వు కూర్చో, నేను మళ్ళీ పెడతా. ఆ మాట అంటే చాలు. వంటింట్లోకి పోతాను, ఫిల్టరు విప్పుతాను, బండి వెళ్ళిపోతుంది, రేపు పొద్దున కూడా నేనే పెడతాను. సుందరవల్లి పెట్టె పక్కన నిలబడి నన్నే చూస్తోంది. మామ కూడా నన్నే చూస్తున్నాడు. ఆయన ఏ మాట కోసం చూస్తున్నాడో నాకు తెలియదు.

గ్లాసు ఎత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను.

"బాగుండాది మామా" అన్నాను. పెట్టె అందుకున్నాను.